మన తరాల పుస్తకాలు – 4: యాభై ఎకరాల్లో మిగిలిన రెండు



వై.బి. సత్యనారాయణ గారి 'మై ఫాదర్ బాలయ్య' 2011లో వచ్చింది. తెలంగాణ మాదిగ కుటుంబం ఒకటి, తరాల కథ. ఆ ఇంటి పూర్వీకుడికి నిజాం యాభై ఎకరాలిచ్చాడు. దొర ఊరుకుంటాడా? రెండెకరాలు వదిలి మిగతాది లాక్కున్నాడు. చివరికి ఆ కుటుంబాన్ని నిలబెట్టింది నేల కాదు, రైల్వే కొలువు. బాలయ్య ఆ జీతంతోనే పిల్లల్ని చదివించాడు.

సుజాత గిడ్ల గారి 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' (2017) దారి వేరు. మేనమామ కె.జి. సత్యమూర్తి, మన శివసాగర్, 1980లో పీపుల్స్ వార్ కట్టినవాళ్లలో ఒకడు. పార్టీలో కులం మాట ఎత్తి బయటికి రావాల్సొచ్చింది. నాకు మాత్రం ఆ పుస్తకంలో సుజాత గారి అమ్మ మంజుల కథే పెద్దది. ఉద్యమ చరిత్రలు ఇంటి ఆడమనిషిని అంతగా ఎప్పుడు పట్టించుకున్నాయి?

సోమలలో చదివే నాకు ఆ యాభై ఎకరాల దగ్గరే కన్ను ఆగుతుంది. మనకు నిజామూ లేడు, రైలూ లేదు. ఉన్నది డీకేటీ పట్టా. అసైన్డ్ భూమి అమ్మకూడదు, కొనకూడదు అని 1977లోనే చట్టం వచ్చింది. కాగితం మన ట్రంకుపెట్టెలో, మడక ఇంకొకరిది అయిన చేలు ఎన్నో! 2023 సవరణ ఇరవై ఏళ్లు దాటిన పట్టాలకు అసలు పట్టాదారుకో, వారసులకో యాజమాన్య హక్కు ఇస్తానంది. అంటే ఎవరి కొడుకు ఎవరు, ఎవరి కూతురు ఎవరన్నదే ఇప్పుడు సాక్ష్యం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సెలవులకు ఇంటికి పోతే అవ్వ దగ్గర నోటుబుక్కుతో కూర్చోండి. పట్టా ఎవరి పేరున, సర్వే నంబరెంత, చేను చేయి జారింది ఏ కరువులో, ఎంత అప్పుకు... అన్నీ రాసుకోండి.

(ఇంకా ఉంది)