మట్టి మోసినవారు, పొగ పీల్చినవారు: బొంబాయి తెలుగు పేటల్లో వాతావరణ న్యాయం

‘వాతావరణ న్యాయం’ అనే మాట తెలుగులోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. భూమి వేడెక్కడానికి ఎవరు ఎక్కువ కారకులు, ఆ వేడి వల్ల కలిగే వరద, కరువు, వడగాడ్పుల భారం ఎవరి మీద ఎక్కువగా పడుతున్నది అన్న రెండు ప్రశ్నలను కలిపి అడగడమే ఆ మాటలోని సారం. మాట కొత్తదే గాని ప్రశ్న పాతది. బొంబాయిలో మనవారు స్థిరపడిన కామాటిపుర, వర్లీ, లోయర్ పరేల్ పేటల చరిత్రను ఈ ప్రశ్న ఆధారంగా చదివితే, రెండు శతాబ్దాలకు పైగా అది రూపం మార్చుకుంటూ వచ్చిందని తెలుస్తుంది. తెలుగు నాడుకు వెలుపల తెలుగు చదువుకుంటున్న మా విద్యార్థుల కోసం ఆ చరిత్రలోని మూడు ఘట్టాలను ఇక్కడ స్థూలంగా పరిశీలిస్తున్నాము. అవి నేల, పొగ, మిల్లుల జాగా.

ముందుగా పేరు సంగతి. తెలుగులో ‘కామాటి’ అంటే మట్టిపని చేసే కూలి. ‘కామాటం’ అంటే ఆ పని. మరాఠీలో ‘కామాఠీ’ అయిన ఈ మాట బొంబాయిలో పనిని మాత్రమే కాక మనిషిని, అతని భాషను, చివరకు అతను నివసించే పేటను కూడా సూచించేదయింది. నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి 18వ శతాబ్దం చివర వలస వచ్చిన ఈ కూలీల వల్లనే కామాటిపురకు ఆ పేరు వచ్చింది. తరువాతి కాలంలో ఆ పేట పేరు లోకానికి మరో కారణంగా పరిచయమై, కట్టినవారి చరిత్ర మరుగున పడింది.

ఆ కాలానికి బొంబాయి ఒకే భూభాగం కాదు. అనేక దీవుల సముదాయం. మహాలక్ష్మి దగ్గరి గండి గుండా సముద్రపు పోటు లోపలికి వచ్చి, నేటి బైకుల్లా, తాడ్‌దేవ్, కామాటిపుర ప్రాంతాలను ముంచెత్తేది. విలియం హార్న్‌బీ గవర్నరుగా ఉన్న రోజుల్లో ఆ గండికి అడ్డకట్ట కట్టారు. 1784 నాటికి పూర్తయిన ఆ కట్టను ‘హార్న్‌బీ వెల్లార్డ్’ అన్నారు. కంచె, గట్టు అనే అర్థాలు గల పోర్చుగీసు పదం నుంచి ‘వెల్లార్డ్’ ఏర్పడింది. కట్ట పడిన తరువాత లోపలి పల్లపు నేలను మట్టితో, ఊరి చెత్తతో పూడ్చడానికి దశాబ్దాలు పట్టింది. అలా గట్టిపడిన నేలమీద రోడ్లు వేసి, గోడలు కట్టినవారిలో కామాటీలు ముఖ్యులు.

ఇక్కడ ఒక విషయం గమనించవలసి ఉంది. ఎత్తయిన మలబార్ హిల్ మీద సంపన్నుల బంగళాలు వెలిశాయి. పూడ్చిన పల్లంలో కూలీల ఇళ్లు లేచాయి. నగరం ఎక్కడ ఎత్తుగా ఉంటుందో, ఎక్కడ నీరు నిలుస్తుందో అన్న భౌగోళిక సత్యం ఆనాడే సామాజిక సత్యం కూడా అయింది. ఈనాడు సముద్రమట్టం పెరుగుదల గురించి, కుంభవృష్టి గురించి చర్చించేటప్పుడు ఈ పునాదిని మరచిపోరాదు.

ఈ కూలీలు నోరు లేనివారని భావించడం సరి కాదు. వారిలో కొందరు మేస్త్రీలుగా, గుత్తేదారులుగా ఎదిగారు. 1873లో జోతీరావు ఫూలే పుణెలో సత్యశోధక సమాజాన్ని స్థాపించినప్పుడు, దానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు వంటి తెలుగు ప్రముఖులు ఉన్నారు. సంఘంగా కూడి, హక్కును హక్కుగా అడిగే అలవాటు ఈ పేటలకు అప్పటి నుంచీ ఉన్నది.

రెండవ ఘట్టం పొగ. 19వ శతాబ్దం రెండవ భాగంలో బొంబాయి నూలు మిల్లుల నగరమైంది. తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలు, చేతిమగ్గం విడిచినవారు, మిల్లుల్లో చేరి వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాళ్లలో కాపురముండేవారు. మిల్లుకు బొగ్గు కావాలి. బొగ్గు కాలిస్తే వచ్చే పొగ ముందుగా కమ్మేది మిల్లు గోడను ఆనుకొని ఉన్న చాలునే. ఈ బాధ ఎంత ముదిరిందంటే 1912లో ప్రభుత్వం బొంబాయి పొగ నివారణకు ప్రత్యేక శాసనం చేయవలసి వచ్చింది.

పొగకు విరుగుడుగా వచ్చింది జలవిద్యుత్తు. సహ్యాద్రి మీద కురిసే వాననీటిని ఆనకట్టలతో ఆపి, కనుమల కిందికి వదిలి, ఆ బలంతో మిల్లులను నడపాలన్నది టాటాల పథకం. 1915లో ఖోపోలీ, 1922లో భివ్‌పురీ, 1927లో భీరా విద్యుత్ కేంద్రాలు పనిచేయనారంభించాయి. వీటిలో రెండవదాన్ని నిర్మించిన సంస్థ పేరు ‘ఆంధ్రా వ్యాలీ పవర్ సప్లై కంపెనీ’. ఈ పేరు చూసి ఇది మన ఆంధ్రమని పొరబడే అవకాశం ఉంది. అది పుణె జిల్లాలోని ఆంద్రా అనే చిన్న నది పేరు; తెలుగు దేశంతో దానికి సంబంధం లేదు.

ఈనాటి పరిభాషలో చెప్పాలంటే బొంబాయి మిల్లులు వందేళ్ల కిందటే ‘తక్కువ కర్బన’ విద్యుత్తు వైపు మళ్లాయి. కాని ఆ మంచి ఉచితంగా రాలేదు. భీరా కేంద్రానికి నీరందించే ముల్శీ ఆనకట్ట కింద 50కి పైగా మావళ గ్రామాల వరి పొలాలు, ఇళ్లు మునిగే స్థితి వచ్చింది. 1921 ఏప్రిల్‌లో ఆ రైతులు సత్యాగ్రహానికి దిగారు. పాండురంగ మహాదేవ్ బాపట్ నాయకత్వం వహించి, ఈ ఉద్యమంతోనే ‘సేనాపతి’ అయ్యారు. 1924 నాటికి పోరాటం ఓడిపోయింది. ఆనకట్ట లేచింది. మిల్లు చాలులో పొగ తగ్గడానికి, కనుమల్లో పొలం మునగడానికి కారణం ఒకటే పథకం. ఇద్దరూ కష్టజీవులే, ఇద్దరినీ ఎవరూ సంప్రదించలేదు. ఇంధనం శుభ్రమైనదైనంత మాత్రాన దాన్ని తెచ్చిన పద్ధతి న్యాయమైనది కానక్కరలేదని ముల్శీ మనకు చెబుతున్నది.

ఇదే ప్రశ్న బొగ్గు విషయంలో తెలుగు నేలమీద మళ్లీ వినిపించింది. శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గరి బీల భూముల్లో బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టరాదని రైతులు, మత్స్యకారులు అడ్డుపడ్డారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. ‘పనికిరాని బంజరు’ అని కాగితాల్లో ఉన్న ఆ బీల చేపలకు, పశువులకు, చుట్టుపక్కల పొలాల తడికి ఆధారమని గ్రామస్థులు చెప్పిన మాటే చివరికి నిలిచింది. ముల్శీకి, సోంపేటకు మధ్య దాదాపు 90 ఏళ్లు గడిచాయి. ఇంధనం వేరు, ఫలితం వేరు. అడిగిన ప్రశ్న మాత్రం ఒకటే.

మూడవ ఘట్టం మిల్లుల జాగా. 1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు సమ్మెకు దిగారు. సమ్మె విఫలమై, ఒక్కొక్కటిగా మిల్లులు మూతపడ్డాయి. మిగిలింది నగరం నడిబొడ్డున సుమారు 600 ఎకరాల నేల. 1991 నాటి నియమం ప్రకారం, ఆ నేలను కొత్తగా అభివృద్ధి చేసే యజమాని మూడింట ఒక వంతును ఖాళీ స్థలాలకు, ఉద్యానాలకు నగరపాలక సంస్థకు, మరొక వంతును సామాన్యుల ఇళ్లకు ఇవ్వాలి. 2001లో ఈ నియమాన్ని సవరించి, మిల్లు ఆవరణలో అప్పటికే ఖాళీగా ఉన్న నేలకే ఆ పంపకం వర్తిస్తుందన్నారు. కట్టడాల కింది నేల లెక్కలోకి రాకపోవడంతో ప్రజల వాటా బాగా కుదించుకుపోయింది.

బాంబే ఎన్విరాన్‌మెంటల్ యాక్షన్ గ్రూప్ అనే పౌర సంస్థ 2005లో దీనిపై హైకోర్టుకు వెళ్లింది. అదే ఏడాది అక్టోబరులో హైకోర్టు పౌరుల పక్షాన తీర్పు చెప్పింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసి 2001 నియమాన్నే ఖరారు చేసింది. మరొక వైపు దత్తా ఇస్వల్కర్ నాయకత్వంలో 1989 నుంచి పనిచేసిన మూతపడిన మిల్లుల కార్మికుల సంఘర్ష సమితి, కార్మికులకు ఇళ్లు కావాలని పట్టుబట్టింది. 2012లో లాటరీ ద్వారా కొన్ని వేల కుటుంబాలకు ఇళ్లు దక్కాయి. పర్యావరణ సంస్థ అడిగింది చెట్టు, గాలి, ఖాళీ నేల. కార్మిక సంఘం అడిగింది గూడు. పని చేసే చోటికి దగ్గరగా ఇల్లు ఉంటే ప్రయాణపు ఇంధనం తగ్గుతుంది. ఇంటి దగ్గర ఖాళీ నేల ఉంటే వేడి తగ్గుతుంది, వాన నీరు ఇంకుతుంది. ఈ రెండు కోరికలూ ఒకే కోరికకు రెండు ముఖాలని మా అభిప్రాయం.

ఆ 2005లోనే, జూలై 26న, శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసింది. దక్షిణాన కొలాబాలో కురిసింది 73 మిల్లీమీటర్లే. కనుక ఆనాటి విపత్తు ఉత్తర శివార్లను కూల్చినంతగా కామాటిపురను కూల్చలేదు. అయితే నీటి దారులను, మడ అడవులను, ఖాళీ నేలలను మింగిన నగరం ఏ వాననూ తట్టుకోలేదని పౌరులే ఒక విచారణ సంఘం ఏర్పరచుకొని నివేదిక వెలువరించారు. 2019లో ఆరే అడవిలో మెట్రో షెడ్డు కోసం రాత్రికి రాత్రి చెట్లు నరుకుతుంటే వీధికెక్కినవారిలో ఆ వరదను చూసిన తరం వారూ ఉన్నారు.

2022 మార్చిలో నగరపాలక సంస్థ ముంబయి వాతావరణ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. 2050 నాటికి నికర కర్బన ఉద్గారాలను సున్నాకు తేవడం దాని లక్ష్యం. అది మంచి లక్ష్యం. దాన్ని చాలు గుమ్మం నుంచి చూడడం మన పని. ఒకే గది ఖోలీలో ఐదారుగురు ఉండి, నడిచో బస్సెక్కో పనికి పోయే కుటుంబం వల్ల వెలువడే కర్బనం స్వల్పం. అయితే దీన్ని వారి సద్గుణంగా మెచ్చుకోవడం అన్యాయం, అది లేమి. ఆ లేమిలో ఉన్నవారికే పై అంతస్తు రేకుల కింద ఎండాకాలపు వేడి, వానాకాలంలో గల్లీలోకి వచ్చే నీరు ఎక్కువగా తగులుతున్నాయి.

2020 తరువాతి సంవత్సరాల్లో కామాటిపుర చాళ్లను కూల్చి, మ్హాడా ద్వారా సామూహికంగా తిరిగి కట్టే పథకం ముందుకు వచ్చింది. శిథిలమైన ఇళ్లు మారవలసిందే, ఎవరూ కాదనరు. ఎలా మారుతాయన్నదే ప్రశ్న. కొత్త ఇంట్లో గాలి ఇటు నుంచి అటు ఆడుతుందా, లేక పంఖాకూ ఏసీకీ బిల్లు కట్టుకోవలసిందేనా? లిఫ్టు, నీటి పంపు నడిపే ఖర్చు ఎవరు భరిస్తారు? పేటకు ఖాళీ నేల ఎంత మిగులుతుంది? అద్దెకున్నవారు, రికార్డుల్లో పేరు లేనివారు, ఆ గల్లీల్లో బతుకు వెళ్లదీసే స్త్రీలు ఎక్కడికి పోతారు? పౌరులు ముందుగా అడిగితేనే ఇలాంటి ప్రశ్నలు నక్షాలోకి ఎక్కుతాయి. 2001లో ఒక నియమంలో మారిన కొద్దిపాటి మాటలు 600 ఎకరాల భవిష్యత్తును మార్చాయని పైన చూశాము.

తెలుగు విద్యార్థులకు ఇందులో చేయదగిన పని చాలా ఉంది. చాళ్లు కూలిన తరువాత వాటిలోని జ్ఞాపకాలు దొరకవు. ఏ ఏడు ఏ గల్లీలో ఎంత ఎత్తున నీరు నిలిచింది, ఏ చెట్టు ఎప్పుడు పోయింది, నల్లా నీరు ఏ వేళకు వచ్చేది, మిల్లు పొగ గురించి పెద్దలు ఏ మాటలు వాడేవారు అన్న వివరాలు ఇంకా వృద్ధుల నోట ఉన్నాయి. వాటిని వారి తెలుగులోనే, మరాఠీ, ఉర్దూ మాటలు కలిసిన ఆ తెలుగులోనే రాసి, తేదీలతో భద్రపరచాలి. అవి భాషాశాస్త్రానికి సామగ్రి అవుతాయి. పునర్నిర్మాణంపై జరిగే సభలో చేతిలో పట్టుకొని మాట్లాడదగిన సాక్ష్యం కూడా అవుతాయి.