వరయాడుల లెక్క



సాయంకాలము మేకలు దొడ్డి చేరగానే కాపరి వానిని లెక్కించును. ఒకటి తగ్గినచో లాంతరు చేతబట్టి వెదకబోవును. లెక్కయే లేనిచో వెదకుటయు లేదు. కాపరి లేని మేకల కథ నొకదానిని నేడు మీకు విన్నవించెదను.

నీలగిరులు మొదలు దక్షిణముగా, తమిళ కేరళ దేశముల పడమటి కనుమలలో, కొండకొమ్ములపై నొక అడవిమేక కలదు. తమిళమున దానిని వరయాడు అందురు. ‘వరై’ యనగా కొండ, ‘ఆడు’ అనగా మేక. ఈ జాతి సహజముగా భూమిపై మరెచ్చటను లేదు. ముదిరిన పోతు వీపున వెండిజీను వేసినట్లు తెల్లని పట్టె యుండును.

ఆంగ్లేయుల కాలమున వేటగాండ్రు వీనిని విశేషముగా చంపిరి. తేయాకు తోటలును, పరదేశపు తుమ్మజాతి చెట్లును, యూకలిప్టసు తోపులును పచ్చికబయళ్లను మ్రింగినవి. వింత యేమనగా, కేరళలోని ఎరవికులమును తోటల దొరలే తమ వేటకొరకై కాపాడుకొనిరి. ఆ చోటు 1975లో అభయారణ్యమై, 1978లో జాతీయవనమైనది. ఈనుకాలమున అచ్చటికి సందర్శకులను రానీయరు.

ఇ. ఆర్. సి. డేవిదారు అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1975లో ఈ జాతినిగూర్చిన తొలి పరిశోధనలలో ఒకటి గావించెను. ఆయన స్మరణార్థము తమిళనాట అక్టోబరు 7వ తేదిని వరయాడు దినముగా నిర్ణయించిరి.

లెక్కించుట సులభము కాదు. నేడు ఈ లోయలోని మంద రేపు ఆ లోయ చేరును. ఒకే మేక రెండుమారులు లెక్కకు వచ్చును. కావున కొండలను భాగములుగా పంచుకొని, అన్నిచోట్లను అవే దినములలో నడచి, పోతులను, తల్లులను, పిల్లలను వేరువేరుగా వ్రాయుదురు. తమిళనాట 2024లో 1,031 తేలినవి. 2025 ఏప్రిలులో రెండు రాష్ట్రములును కలిసి లెక్కింపగా అచ్చట 1,303, కేరళలో అంతకు కొంచెము ఎక్కువ, వెరసి 2,600కు పైగా తేలినవి. ఒక పెద్దపల్లె జనసంఖ్యయే గదా! ఈ పెరుగుదల యంతయు క్రొత్తపిల్లలదే యనుకొనరాదు. శ్రద్ధగా వెదకినచో మునుపు కనబడనివియు కనబడును.

నేను ముప్పదియేండ్లు బడిలో హాజరుపట్టీ చదివితిని. ఒకయేట క్రొత్తపట్టీలో నొక బాలుని పేరెక్కించుట మరచితిని. వాడు పదిదినములు జ్వరముతో పడియున్నను నేనెరుగను. “మావాడు రాలేదని తమరు అడుగనేలేదే, పంతులుగారూ!” అని వాని తల్లి యన్నమాట నేటికిని నా చెవిలో నున్నది.

ఆ కొండలలో నడచువారు చేయునదియు హాజరు పిలుచుటయే. ఏటేట పిలువవలెను.