గాలి సొరంగము - నమూనాల కథ

హైదరాబాదున తార్నాక చెంతనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఇంజనీరింగు కళాశాల 1929లో ఏర్పడినది. విమానమునకైనను, ఎత్తయిన భవనమునకైనను గాలి చేయు మేలుకీడులను లెక్కించుట ఇంజనీరు పనియే. కాని లెక్క యొక్కటియే చాలదు. తూర్పారబట్టునపుడు గింజ యెచట పడునో, పొట్టు ఎంత దూరము పోవునో గాలియే తేల్చును గదా! అట్లే వస్తువుయొక్క చిన్న నమూనాను గొట్టము వంటి గదిలో నిలిపి, పంకాతో గాలి తోలి చూడవలెను. దానినే గాలి సొరంగమందురు. 1871లో ఇంగ్లాండున ఫ్రాన్సిస్ వెన్‌హామ్ మొదటిదానిని నిర్మించెను.

దాని విలువను లోకమునకు చాటినవారు అమెరికాలోని రైటు సోదరులు. 1901 వేసవిలో వారి గ్లైడరు, ఆనాటి పట్టికలు చెప్పినంతగా పైకి లేవలేదు. అంతట వారు తమ సైకిళ్ల దుకాణములోనే 6 అడుగుల పెట్టెసొరంగము చేసి, రంపపు బ్లేళ్లతో, సైకిలు పుల్లల తీగెతో త్రాసు లమర్చిరి. రేకు కత్తిరించి, సుత్తితో వంచి, సుమారు 200 రెక్కల ఆకృతులను పరీక్షించిరి. చేయుట సులువు గనుకనే అన్నింటిని చూడగలిగిరి! 1903 డిసెంబరు 17న వారి విమానము ఎగిరెను.

పిమ్మట వేగములు పెరిగినవి. ఉక్కును, అల్యూమినియమును చెక్కి నమూనా చేయుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టుచుండెను. ఖర్చునకు జంకి రూపకర్త తన పది ఊహలలో ఒకటి రెంటినే సొరంగమునకు పంపును. తక్కినవి కాగితముపైననే అణగిపోవును. మేలైనది వానిలోనే ఉండెనేమో ఎవరికెరుక?

1984లో అమెరికా ఇంజనీరు చక్ హల్ ఒక క్రొత్త పద్ధతికి పేటెంటు కోరెను, 1986లో లభించినది. ద్రవరూపమైన రెసిన్‌ను అతినీలలోహిత కాంతితో పొరపొరగా గట్టిపరచుట ఆ పద్ధతి. మట్టిగోడను వరుసమీద వరుస వేసి లేపినట్లే! ఇట్టి పద్ధతులకే ర్యాపిడ్ ప్రోటోటైపింగ్ అని పేరు వచ్చెను.

1990 దశకమున నాసావారి మార్షల్ కేంద్రము ఇట్టి నమూనాలను 14 అంగుళముల సొరంగములో, ధ్వనివేగమునకు 5 రెట్ల వరకు పరీక్షించి, లోహపు నమూనాతో పోల్చెను. తొలి పరిశీలనలకు అవి పనికివచ్చునని తేలెను. కాలము, ఖర్చు కలిసివచ్చెను. కాని గాలి తాకిడి హెచ్చినచోట భాగములు వంగెను. వంగిన రెక్క చెప్పు లెక్క నమ్మరానిది.

హైదరాబాదులోనే 2020 డిసెంబరు 19న రక్షణ పరిశోధన సంస్థవారి హైపర్‌సానిక్ సొరంగము ప్రారంభమైనది. 1 మీటరు వ్యాసముగల దాని నాజిల్‌నుండి ధ్వనివేగమునకు 5 మొదలు 12 రెట్ల వేగముతో గాలి వెలువడును. అట్టి పరీక్షకు సామాన్యమైన ప్లాస్టిక్ నిలువదు. మెల్లని గాలిలో తొలి ఊహలను తేల్చుకొనుటకు మాత్రము కళాశాలలో చిన్న త్రీడీ ప్రింటరు, పొరల గరుకు నున్నజేయుటకు గరుకు కాగితము ఉన్న చాలును.