పసిబిడ్డ చర్మము: హెక్సాక్లోరోఫీన్ నేర్పిన పాఠము

చర్మము శరీరమునకు కోటగోడ వంటిదని మనము చదువుచుందుము. ఇది నిజమే కాని, ఈ గోడకు సందులు లేకపోలేదు. కొవ్వులో కరగు పదార్థములు కొన్ని చర్మము గుండా రక్తములో ప్రవేశింపగలవు. పసిపిల్లల విషయమున ఈ సంగతిని వైద్యలోకము ఎంత ఆలస్యముగా గుర్తించినదో హెక్సాక్లోరోఫీన్ చరిత్ర వలన తెలియును.

హెక్సాక్లోరోఫీన్ ఫినాల్ జాతికి చెందిన పదార్థము. దీని అణువులో ఆరు క్లోరిన్ పరమాణువులు కలవు. 1941లో దీనికి అమెరికాలో పేటెంటు లభించినది. క్రిమిసంహారక ఫినాల్‌లు అనేకము సబ్బుతో కలిసినచో శక్తిని కోల్పోవును, ఇది కోల్పోదు. పైగా చర్మమును అంటిపెట్టుకొని చాలసేపు పనిచేయును.

1950 తరువాత పాశ్చాత్య దేశముల ప్రసూతి వైద్యశాలలలో స్టాఫిలోకాకస్ అను సూక్ష్మజీవి వ్యాపించి, శిశువులకు చీముపొక్కులు, గడ్డలు కలిగించుచుండెను. వీనిలో చాల రకములు పెన్సిలిన్‌కు సైతము లొంగలేదు. అప్పుడు 3 శాతము హెక్సాక్లోరోఫీన్ గల ద్రవముతో శిశువులకు స్నానము చేయింపగా వ్యాధులు తగ్గినవి. క్రమముగా ఈ పదార్థము సబ్బులలోను, పొడులలోను చేరినది. ఏండ్ల తరబడి వాడుకలో ఉన్నది గనుక అపాయము లేదని అందరును నమ్మిరి.

1971లో ఈ నమ్మకము సడలినది. హెక్సాక్లోరోఫీన్ కలిపిన ఆహారము తినిన ఎలుకల మెదడులను రెనేట్ కింబ్రో, థామస్ గెయిన్స్ అను అమెరికా శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. మెదడులోని తెల్లని భాగము స్పంజివలె బోలుగా మారియుండెను. అదే సంవత్సరము, ఈ మందుతో స్నానము చేయించిన నవజాతశిశువుల రక్తములో ఆ పదార్థము కనిపించినది. అది గోడ దాటినదన్నమాట! శిశువులకు నిత్యము ఈ స్నానము వలదని అమెరికా ప్రభుత్వము డిసెంబరులో హెచ్చరించినది. కాని మానివేసిన కొన్ని వైద్యశాలలలో స్టాఫిలోకాకస్ మరల విజృంభించెను. వాడిన ఒక భయము, మానిన మరియొక భయము!

ఈ తర్కము సాగుచుండగనే ఫ్రాన్సులో ఘోరము జరిగినది. 1972లో అచ్చటి పసిపిల్లలు అనేకులకు తొడల మధ్య చర్మము కంది, వాంతులు, మగత, మూర్ఛలు కలిగినవి. విచారింపగా, వారందరికి ‘టాల్క్ మొరాంజ్’ అను పొడి చల్లినట్లు తేలినది. తయారీలో జరిగిన పొరపాటున ఆ పొడిలో 6 శాతమునకు మించి హెక్సాక్లోరోఫీన్ కలిసియుండెను. 204 మంది పిల్లలు జబ్బుపడగా, వారిలో 36 మంది మరణించిరి.

పసివారికే ఇంత హాని ఏల? లెక్క చూడుడు. మూడు కిలోల శిశువునకు చర్మవైశాల్యము సుమారు 0.2 చదరపు మీటరు; 60 కిలోల మనుష్యునకు సుమారు 1.65. అనగా కిలో బరువునకు శిశువునకు గల చర్మము పెద్దవానికన్న రెండున్నర రెట్లు. పై మందు ఒక్కటే యైనను శరీరములో చేరు మోతాదు ఒక్కటి కాదు. చర్మము ఒరిసియున్నను, తడిబట్టతో కప్పియున్నను అది మరింత పీల్చును. నెలలు నిండని శిశువుల చర్మము ఇంకను పలుచన.

1972 సెప్టెంబరులో అమెరికా ఈ మందును వైద్యుని చీటీపై మాత్రమే అమ్మవలెనని శాసించినది. ఫ్రాన్సు 1975లో చట్టము చేసి, శరీరమునకు పూయు సరకులను తయారుచేయువారు వాని కూర్పును విషచికిత్సా కేంద్రములకు తెలుపవలెనని నిర్బంధించినది.

హెక్సాక్లోరోఫీన్ సూక్ష్మజీవులను చంపిన మాట అబద్ధము కాదు. అది శిశువునకు మేలు చేసినదా అని అడిగినవారే కాని, శిశువు దేహములో ఎంత చేరినదని అడిగినవారు చాలకాలము లేకపోయిరి. పసిబిడ్డకు పూయు ఏ వస్తువు విషయముననైనను ఈ రెండు ప్రశ్నలును జంటగా అడుగవలసినవే.