చందా, ఉత్తరం, వెనక అట్ట

సాహిత్య చరిత్రలు రాసేవాళ్లు పత్రికల్ని జాగ్రత్తగా లెక్కపెడతారు. ఏ పత్రిక ఏ యేడు పుట్టింది, సంపాదకులెవరు, ఎవరి తొలి రచన అందులో వచ్చింది అన్నవి నమోదు చేస్తారు. ఆ పత్రికకు కాగితం కొన్నదెవరు, దాన్ని ఎవరి కోసం రాశారు, చదివినవాడు ఎదురు ప్రశ్న వేస్తే దానికి పత్రికలో చోటు దొరికిందా అన్న ప్రశ్నలు వేసేవాళ్లు తక్కువ. ఒక పత్రిక స్వభావాన్ని తేల్చేవి ఈ మూడు ప్రశ్నలేనని నా అభిప్రాయం. సంపాదకీయంలో ఎన్ని ఆశయాలైనా ప్రకటించుకోవచ్చు. పత్రిక నిజంగా ఎటువైపు నిలబడిందో తెలియాలంటే చందా పుస్తకం, ఉత్తరాల పేజీ, వెనక అట్ట తిరగేయాలి.

ఈ మాట పుస్తకాలు చదివి అంటున్నది కాదు. ఈ మూడు చోట్లా నేను తప్పు చేశాను గనక అంటున్నాను.

1983లో నరసన్నపేటలో నేనూ ఇద్దరు మిత్రులూ కలిసి ఒక త్రైమాసిక పత్రిక పెట్టాం. మొదటి నాలుగు సంచికలు సైక్లోస్టైల్ చేశాం. తరవాత ట్రెడిల్ ప్రెస్సు మీద పదహారు పేజీలు, 300 ప్రతులు వేశాం. సాలు చందా 5 రూపాయలు. చందాదారుల్లో బడిపంతుళ్లు, బ్యాంకు గుమాస్తాలు, ఇద్దరు ముగ్గురు కండక్టర్లు, ఒక కాంపౌండరు వుండేవారు. ఆ పత్రిక ఎలా నడిచిందో, ఎక్కడ కాలు జారిందో చివర చెబుతాను. ముందు పెద్దల చరిత్ర చూద్దాం.

కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని' మొదలుపెట్టేనాటికి తెలుగులో పత్రిక అంటే పండితుడు పండితుడికి రాసుకునే ఉత్తరం వంటిది. కొక్కొండ వేంకటరత్నం 1871లో ప్రారంభించిన 'ఆంధ్రభాషాసంజీవని' ఆ ధోరణికి ప్రతినిధి. వీరేశలింగం కూడా గ్రాంథికంలోనే చదువుకున్నవాడు, గ్రాంథికంలోనే రాసినవాడు. అయినా పత్రిక నడుపుతున్నకొద్దీ అతని వాక్యం సులభమవుతూ వచ్చింది. లంచాలు తినే ఉద్యోగుల గురించీ, బాల్యవివాహాల గురించీ రాయదలచినవాడికి అమరకోశం వల్లించినవాళ్లే పాఠకులైతే చాలదు. కోర్టులో దావా వున్న రైతుకూ, కూతురికి పెళ్లి చేయబోయే గృహస్థుకూ ఆ మాట అందాలి. రాసే విషయం పాఠకుణ్ణి నిర్ణయించింది. ఆ పాఠకుడు భాషను నిర్ణయించాడు. 1883లో స్త్రీల కోసం వేరే 'సతీహితబోధిని' పెట్టడం కూడా ఈ దారిలో పడిన అడుగే. అప్పటికి చదవగలిగిన స్త్రీల సంఖ్య ఎంత స్వల్పమో వీరేశలింగానికి తెలియదా? తెలుసు. లేని పాఠకులకోసం పత్రిక పెట్టి, ఆ పాఠకుల్ని తయారు చేసుకోబూనాడు. చందాదారుల జాబితా చూసుకుని రాసే సంపాదకుడికి యీ సాహసం రాదు.

ఎదుటిపక్షంతో వ్యవహారం సంగతి చూడండి. స్త్రీవిద్య మీద కొక్కొండవారి పత్రికకూ వివేకవర్ధనికీ వాదం జరిగింది. ఎగతాళికి ఎగతాళి చెల్లించడానికి 1876లో 'హాస్యసంజీవని' పుట్టింది. ఆ వాదంలో మర్యాద తప్పిన ఘట్టాలూ వున్నాయి. కాని ఒక సంగతి గమనించాలి: ఆ వాదం పాఠకుల కళ్లెదుట జరిగింది. ఏ పక్షం ఏమన్నదో చదువరి స్వయంగా తూచుకోగలిగాడు. పైగా వివేకవర్ధని మొదట మద్రాసులో అచ్చయ్యేది. కొద్దికాలంలోనే రాజమండ్రిలో సొంత ముద్రణాలయం పెట్టుకున్నారు. అచ్చు యంత్రం ఎవరి చేతిలో వుందన్నది ఉద్యోగుల అవినీతి రాసే పత్రికకు చావుబతుకుల ప్రశ్న.

ఇక మా ఉత్తరాంధ్రకు వద్దాం. విజయనగరంలో గురజాడ అప్పారావు సంస్థానం కొలువులో వున్నాడు. 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. ఆనందగజపతి మహారాజుకు అంకితమయింది. ఇది చూపించి గురజాడను ఆస్థానకవుల వరసలో కూచోబెట్టినవాళ్లు లేకపోలేదు. అది పైపై చూపు. అదే గురజాడ 1910లో 'ముత్యాల సరాల'నూ 'దిద్దుబాటు' కథనూ బందరు నుంచి వెలువడే 'ఆంధ్రభారతి' పత్రికకు పంపాడు. అంకితం తీసుకునే రాజు ఒక్కడు. పత్రిక కొని చదివే అజ్ఞాత పాఠకులు అనేకులు. ఒకే జీవితకాలంలో ఒక రచయిత ఒక శ్రోతనుంచి మరొక శ్రోతవైపు నడిచాడు. 1909లో కన్యాశుల్కాన్ని పూర్తిగా తిరగరాసి పెంచిన రూపం చూస్తే, దర్బారుకంటె ఊరి జనమే అతని ముందు కూచున్నట్టు కనిపిస్తుంది. పోషణ రచయితను తప్పనిసరిగా మూగవాణ్ణి చేస్తుందనడం యాంత్రికమైన సూత్రీకరణ. రాజాశ్రయంలో వున్నవాడే 1914లో విశ్వవిద్యాలయంలో గ్రాంథికవాదుల నిర్ణయాన్ని ఎదిరించి అసమ్మతి పత్రం రాశాడు. ఆశ్రయం ఎక్కడ నోరు కడుతుందో, ఎక్కడ కట్టలేదో విడివిడిగా పరిశీలించాలి తప్ప ఒక్క గాటన కట్టకూడదు.

గురజాడ సహాధ్యాయి గిడుగు వెంకట రామమూర్తి మాకు మరీ దగ్గరివాడు. 1863లో ఆయన పుట్టిన పర్వతాలపేట ముఖలింగం దగ్గర వుంది. నరసన్నపేట బస్సు కాంప్లెక్సులో నిలబడి అటు వెళ్లే బస్సు కోసం కాచుకున్న పంతుళ్లలో నేనూ ఒకణ్ణి. 1880లో పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయుడై, ముప్పయ్యేళ్లు పనిచేసి, 1911లో ఉద్యోగం చాలించాడు. అదే యేడు మద్రాసులో జయంతి రామయ్య పంతులు పూనికతో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. దానికి పిఠాపురం మహారాజా అండ వుంది. పరిషత్తు పూనుకున్న మహానిఘంటువుకు ఆ రాజా పేరే పెట్టారు. పండితులు, జమీందారులు, ఒక పత్రిక, ఒక నిఘంటువు ఆ పక్షాన వున్నాయి. ఈ పక్షాన ఒక రిటైరయిన పంతులు. ఆయన చెవి సరిగా వినపడదు.

1919 ఫిబ్రవరి 28న రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. వీరేశలింగం అధ్యక్షుడు, గిడుగు కార్యదర్శి. మూడు నెలలు తిరక్కుండా మే 27న వీరేశలింగం కన్నుమూశాడు. ఆ యేడే గిడుగు 'తెలుగు' అనే పత్రిక నడిపాడు. అది ఒక్క సంవత్సరం నడిచింది. పత్రిక ఆయుర్దాయంతో దాని విజయాన్ని కొలిచేవారికి ఇది పరాజయంగా తోస్తుంది. కాని గిడుగు వాదనా పద్ధతి చూడండి. వ్యావహారికం నీచభాష అన్న పండితుడి గ్రాంథిక వాక్యాన్నే తీసుకుని, అందులోని వ్యాకరణ దోషాలు వరస పెట్టి చూపించేవాడు. 'మీరు రక్షిస్తున్నామంటున్న భాష మీకే రావడం లేదు' అని వాళ్ల రాతలతోనే రుజువు చేసేవాడు. ప్రత్యర్థి మాటను దాచిపెట్టినవాడికి ఈ పని సాధ్యమా? ఎదుటివాడి వాక్యం పూర్తిగా ఎదట పెట్టుకుంటేనే ఆ వాదం నిలుస్తుంది. 1924 నాటికి పరిషత్తే వ్యావహారికం మీద నిషేధాన్ని ఎత్తివేసుకోవలసి వచ్చింది. నేను యీ వ్యాసం రాస్తున్న భాష ఆ పోరాటఫలం. ప్రత్యర్థి మాటను గౌరవంగా ఉటంకించి ఓడించే యీ సంప్రదాయం మా జిల్లాది. దాన్నే నేను మరిచాను.

పత్రికా, వ్యాపారమూ ఒకే చేతిలో వున్న ఉదాహరణ కూడా చూడాలి. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించాడు. 1908లో అక్కడే 'ఆంధ్రపత్రిక' వారపత్రికగా వచ్చింది. 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో 'భారతి' పుట్టింది. తెలుగువాడి తలనొప్పి డబ్బులతో తెలుగువాడి సాహిత్యం అచ్చయిందని నవ్వుకుంటాం గాని, ఆ సీసా లేకపోతే భారతిలో వచ్చిన శాసన పరిశోధనలు, కావ్యవిమర్శలు, కొత్త కథలు ఎక్కడ వెలుగు చూసేవి? ఇక్కడ వ్యాపారి పత్రికను అద్దెకు తీసుకోలేదు, తన లాభాన్ని పత్రికలో పోశాడు. ఈ రెంటికీ తేడా వుంది. అయినా సొమ్ము ఒక్క చోటునుంచి రావడంలోని బలహీనత తొలగిపోదు. ఆంధ్రపత్రికా, భారతీ రెండూ 1991తో ఆగిపోయాయి. వేల మంది పాఠకులు బాధపడ్డారు. బాధపడడం తప్ప వారి చేతిలో మరేమీ లేదు, ఎందుకంటే ఆ పత్రికను నిలబెట్టిన సొమ్ము వాళ్లది కాదు.

దీనికి ఎదురు కొసన 'సృజన' వుంది. 1966లో వరంగల్లులో సాహితీమిత్రులు ప్రారంభించారు. ధనబలం లేదు. సంచికలు నిషేధానికి గురయ్యాయి, కేసులు వచ్చాయి. అయినా 1992 దాకా నడిచింది. దాని రాజకీయాలతో ఏకీభవించనివాళ్లు సైతం ఒప్పుకోవలసిన విషయం ఒకటుంది: పాతికేళ్లు దాన్ని నిలబెట్టినవాళ్లు దాని పాఠకులే. వాళ్లే చందాలు వసూలు చేశారు, వాళ్లే ప్రతులు చేరవేశారు. అయితే పాఠకుడి సొమ్ముతో నడిచే పత్రికకు దాని ప్రమాదం దానికుంది. చందా కట్టినవాడికి నచ్చని మాట రాయడానికి సంపాదకుడు వెనకాడవచ్చు. భక్తుల మధ్య పూజారి ఎంత స్వతంత్రుడో, ఏకాభిప్రాయం గల పాఠకుల మధ్య సంపాదకుడూ అంతే స్వతంత్రుడు. దీనికి విరుగుడు ఉత్తరాల పేజీ ఒక్కటే.

ఇప్పుడు నా కథ చెబుతాను.

1986లో ప్రెస్సు బాకీ మూడు సంచికలకు పేరుకుంది. మా ఊరు బంగారం దుకాణాల ఊరు. ఒక దుకాణం యజమాని, నా పాత విద్యార్థి తండ్రి, దారిలో నన్నాపి, "ఏటి మేస్టారూ, పత్రిక ఆపేస్తారట గదా? ఎనకాల అట్ట నాకిచ్చీండి, కర్చు నేను సూసుకుంటాను" అన్నాడు. ఆ మాటలో మోసం లేదు. ఏం వేయాలో, ఏం వేయకూడదో అతను ఒక్కసారి కూడా చెప్పలేదు. అతను పత్రిక విప్పి చదివాడని కూడా నేననుకోను.

ఆ నెలలోనే ఒక కుర్రవాడు కథ తెచ్చాడు. కంసాలి ఇంటివాడు. రాత్రిళ్లు కొలిమి దగ్గర కూచుని దుకాణాలకు కూలికి నగలు చేసే కుటుంబం కథ. తరుగు కింద యజమాని కోసుకునే కూలి లెక్క అందులో గవ్వతో సహా వుంది. భాష కరుకు, ముగింపు తొందర, అయినా మా పత్రికకు వచ్చిన కథలన్నిటిలోకీ నిజమైన కథ. 'బావుంది, కాస్త చెక్కాలి, వచ్చే సంచికకు వేద్దాం' అన్నాను. వచ్చే సంచికకూ అదే మాట అన్నాను. శిల్పం సరిపోలేదని నాకు నేను చెప్పుకున్నాను. అంతకన్నా నాసి శిల్పం గల కథలు రెండు ఆ సంచికల్లోనే అచ్చయ్యాయి.

టెక్కలి నుంచి ఒక చందాదారు పోస్టుకార్డు రాశాడు. 'మీ పత్రికలో కూలీల కథలు తగ్గి, అట్టమీద నగలు పెరిగాయి' అని ఒకటే వాక్యం. ఆ కార్డు నేను అచ్చు వేయలేదు. వ్యక్తిగత దూషణకు చోటివ్వరాదన్న నియమం గుర్తు తెచ్చుకున్నాను. ఆ వాక్యంలో దూషణ ఎక్కడుందో ఇప్పటికీ నాకు కనిపించదు.

కుర్రవాడు మూడోసారి అడగడానికి రాలేదు. మద్రాసు వెళ్లి ఏదో కంపెనీలో చేరాడని తరవాత విన్నాను. రాతప్రతి నా దగ్గరే వుండిపోయింది. ఇల్లు మారినప్పుడు పాత కాగితాలతో పోయింది. అతను నకలు వుంచుకున్నాడో లేదో అడగడానికి నాకు మొహం చెల్లలేదు. పత్రిక 1988లో ఆగిపోయింది. అట్ట అమ్మి రెండేళ్ల ఆయుష్షు కొన్నాను. ఆ రెండేళ్ళలో అచ్చు వేయవలసిన ఒకే ఒక్క కథను పోగొట్టాను.

ధనవంతుడు వచ్చి కలం లాక్కుంటాడని మనం వ్యాసాల్లో రాస్తాం. అలా జరిగిన సందర్భాలు వుండవచ్చు. నా విషయంలో ఎవరూ లాక్కోలేదు. నేనే మూత బిగించాను. సెన్సారు దుకాణంలో లేదు, సంపాదకుడి బల్ల దగ్గర వుంది. అందుకే దాన్ని కనిపెట్టడం కష్టం.

కాళీపట్నం రామారావు మాస్టారు తనకు వచ్చిన సాహిత్య అకాడెమీ పురస్కారం సొమ్మును వినియోగించి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం ప్రారంభించారు. ఎక్కడెక్కడి చిన్న పత్రికలూ అక్కడికి చేరాయి. నా దగ్గర మిగిలిన సంచికల్ని కూడా కట్ట కట్టి ఇచ్చాను. తెలుగు కథ ఏదీ పోకూడదని ఒక వృద్ధుడు బీరువాలు నింపుతుంటే, ఒక కథను పోగొట్టినవాణ్ణి ఆ గదిలో నిలబడడం ఎంత ఇబ్బందో చెప్పలేను.

ఇవాళ పత్రిక పెట్టాలనుకునే యువమిత్రులు నన్ను సలహా అడిగితే ప్రకటనలు తీసుకోవద్దని చెప్పను. మూడు పనులు చెయ్యమంటాను. పత్రిక ఎవరి కోసమో మొదటి సంచికలోనే రాయండి, చందాదారుల్లో వాళ్లు లేకపోతే వాళ్లకోసం వెతకండి. ప్రతి సంచికలోనూ ఆదాయ వ్యయాలు అచ్చు వేయండి. ఎవరు ఎంత ఇచ్చారో పాఠకుడికి తెలిస్తే, మీ మౌనాలకు అర్థం అతనే చెబుతాడు. మీకు అన్నిటికన్నా కోపం తెప్పించిన ఉత్తరాన్ని అన్నిటికన్నా ముందు వేయండి.

టెక్కలి మిత్రుడి పోస్టుకార్డులోని వాక్యాన్ని ఇన్నేళ్లకు యీ వ్యాసంలో అచ్చు వేస్తున్నాను. దానికి నా దగ్గర జవాబు లేదు.