నీటికి నిలిచిన గడియారము

చేతి గడియారములోనికి నీరు ప్రవేశించు ద్వారములు ముఖ్యముగా మూడు: అద్దపు అంచు, వెనుక మూత, కీ ఇచ్చు బొడిపె. మొదటి రెండింటిని మూయుట అంత కష్టము కాదు. మూడవది నిత్యము త్రిప్పవలసినది. దాని కాడ లోనికి పోవుటకు రంధ్రము ఉండక తప్పదు. బొడిపె తిరుగవలెను, నీరు చొరరాదు. ఈ చిక్కును విప్పుటకు గడియారపు పనివారు చిరకాలము శ్రమించిరి.

1925లో స్విట్జర్లండునందు పెర్రెగో, పెర్రె అను ఇరువురు మరవలె బిగించు బొడిపెకు పేటెంటు కోరుచు దరఖాస్తు చేసిరి. రోలెక్సు సంస్థ స్థాపకుడు హాన్స్ విల్స్‌డార్ఫ్ ఆ హక్కును కొని, 1926లో "ఆయిస్టరు" అను గడియారమును వెలువరించెను. ఆయిస్టరు అనగా ఆల్చిప్ప. ఆ పేరునకు తగినట్లే దాని పెట్టె గట్టిగా మూసికొనునది.

1927 అక్టోబరు 7వ తేదీన మెర్సిడీస్ గ్లైట్జె అను ఆంగ్ల యువతి ఇంగ్లీషు ఛానెలును ఈదెను. కొలది దినములకే మరియొక స్త్రీ తానును ఈదితినని ప్రకటించి, పిదప అది అసత్యమని ఒప్పుకొనెను. ఆ అసత్యమువలన గ్లైట్జె సత్యమునకును శంక తగిలెను. ఆమె అక్టోబరు 21న మరల సముద్రమున దిగెను. మెడలో విల్స్‌డార్ఫ్ ఇచ్చిన ఆయిస్టరు వ్రేలాడుచుండెను. పది గంటలకు పైగా చలినీటిలో ఈది, ఒడ్డు చేరకముందే ఆమె సొమ్మసిల్లగా పడవలోనికి తీసికొనిరి. ఒడ్డు చేరకున్నను ఆమె ఓర్పును చూచినవారు శంక విడిచిరి. గడియారమును ఆగలేదు. నవంబరు 24న లండను పత్రిక డెయిలీ మెయిల్ మొదటి పుటనిండ విల్స్‌డార్ఫ్ ఈ విషయమును ప్రకటించెను.

అయినను ఒక గడియారము ఒక దినమున నిలిచినంతమాత్రమున తక్కినవన్నియు నిలుచునని చెప్పరాదు. కావున పరీక్ష క్రమముగా సముద్రమునుండి పరిశోధనశాలకు మారెను. నీటిలో ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక వాతావరణపు ఒత్తిడి పెరుగును. ఆ ఒత్తిడిని చిన్న పాత్రలోనే కల్పింపవచ్చును. వేరొక పరీక్షలో గడియారమును 40 మొదలు 45 డిగ్రీల వరకు వేడిచేసి, అద్దముపై చల్లని నీటిబొట్టు నుంచెదరు. నిమిషము తరువాత తుడిచి చూచినప్పుడు లోపల ఆవిరి పట్టియున్నచో, తేమ చొచ్చినదని తెలియును. గజ యీతగాండ్రు నీటి అడుగున ధరించు గడియారములను వ్రాసిన లోతునకు 25 శాతము మించిన ఒత్తిడిలో పరీక్షింతురు.

గడియారముపై "30 మీటర్లు" అని యున్నను, దానితో అంత లోతునకు మునుగవచ్చునని అర్థము కాదు. అది కదలని నీటి ఒత్తిడికి చెప్పిన కొలత. "నీరు చొరనేరదు" అను అర్థమిచ్చు ఆంగ్లపదమును గడియారములపై వాడరాదని 1960 దశకమున అమెరికా వాణిజ్య సంఘము అభ్యంతరము చెప్పుటకు కారణము కూడ ఇట్టిదే. శాశ్వతమైన అభయము ఎవరును ఈయజాలరు.

ఏలయనగా నీటిని ఆపునది లోహము మాత్రమే కాదు, సందులలోని సన్నని రబ్బరు వాషరు. చెమట, సబ్బు, వేడి, కాలము దానిని గట్టిపరచును. వెనుక మూత తెరచినప్పుడెల్ల వాషరును చూపించి, మరల ఒత్తిడి పరీక్ష చేయింపవలెను. ఉప్పునీట తడిసినచో మంచినీట కడుగవలెను. బొడిపె బిగించియున్నదో లేదో నీట దిగుటకు ముందే చూచుకొనవలెను. గ్లైట్జె తన మాటను నిలుపుకొనుటకు రెండవసారి సముద్రమున దిగెను. గడియారముపై వ్రాసిన మాటకును అట్లే మరల మరల పరీక్ష కావలెను.