సింధనూరు క్యాంపులు, అండమాను తీరములు

కడలికి బహుదూరముననున్న కర్ణాటకలోని సింధనూరులో నిర్జన సాగరతీరముల ప్రస్తావన యేల యని పాఠకులు విస్మయపడవచ్చును. 1953లో తుంగభద్రా జలాశయము వెలసి, ఎడమగట్టు కాలువ నీరు ఈ నల్లరేగడిని తడుపగా, కృష్ణా గోదావరీ మండలములనుండి మన రైతులు వలసవచ్చి, క్యాంపులు నెలకొల్పి, వరి నాటిరి. పిమ్మట తూర్పు బెంగాలు కాందిశీకులును ఇచ్చటనే పునరావాసము పొంది, వారికి పొరుగువారైరి. అట్టి కాందిశీకులలోనే మఱికొందఱు 1950, 60లలో అండమానులలోని హేవ్‌లాకు, నీలు ద్వీపములకు పంపబడి, అడవి నఱికి సేద్యము సాగించిరి. నేడు జనసమ్మర్దము లేని యిసుకతిన్నెలను వెదకుచు యాత్రికులు చేరు రాధానగర్ తీరము ఆ హేవ్‌లాకులోనిదే. 2018లో ఆ ద్వీపమునకు స్వరాజ్ ద్వీపమని పేరు మార్చిరి గాని, పాతపేరే జనుల నోట నానుచున్నది. కోతల పిదప సింధనూరు కాలువగట్టుపై సాయంవేళ నిలిచినవానికి లభించు నిశ్శబ్దము, నా మట్టుకు, ఆ తీరపు నిశ్శబ్దమునకు తీసిపోదు. పడవ కిరాయియు లేదు.